పైరాబంద్ ఇంటి చిన్న పిల్ల

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"ఆడపిల్లల చదువు మీద నాలుగు మాటలు చెప్పండి మాస్టారూ" అన్నారు కార్యదర్శిగారు. ఈ విషయం మీద మీరు విన్న ఉపన్యాసాలకు లెక్కలేదు. ప్రతి సభలోను ఎవరో ఒకరు చెబుతూనే వుంటారు. మనమంతా "సచ్ బాత్ హై" అని తల ఊపుతాము, భోజనం చేస్తాము, ఇంటికి వెళతాము. మరునాడు ఎవరి పద్ధతి వారిదే. అందుచేత నేను ఉపన్యాసం చెప్పను. ఒక చిన్నపిల్ల బాల్యం ఎలా గడిచిందో చెబుతాను. ఇది కల్పించిన కథ కాదు. ఆ పిల్ల పెద్దయిన తర్వాత తన చేత్తో తానే చాలావరకు రాసి పెట్టింది.

ఇంకొక మాట. ఉర్దూ మాస్టరు తెలుగులో మాట్లాడుతున్నాడేమిటి అని కొందరు పెద్దలు ఇప్పుడే చెవులు కొరుక్కుంటున్నారు. దానికి సమాధానం కూడా ఈ కథలోనే వున్నది. కాస్త ఓపిక పట్టండి.

ఆ పిల్ల పేరు రుఖయ్యా. బెంగాలీవారి నోట అది రొకేయా అయింది. లోకమంతా బేగం రొకేయా అనే పిలుస్తున్నది కాబట్టి నేనూ అలాగే అంటాను. 1880లో పుట్టింది. ఊరు పైరాబంద్. రంగపూర్ పట్నానికి దగ్గర్లో ఒక చిన్న ఊరు, ఇప్పుడు బంగ్లాదేశ్‌లో వున్నది. తండ్రి జహీరుద్దీన్ సాబేర్ ఆ ఊరి జమీందారు. తల్లి రాహతున్నిసా. ఇల్లంటే మామూలు ఇల్లు కాదు. మూడువందల యాభై బీఘాల ఇనాము భూమి, చుట్టూ దట్టమైన చెట్లు, ఆ అడవి నడుమ ఒక పెద్ద లోగిలి. తెల్లవారి అజాన్ వేళకు పక్షుల కూతలతో మేలుకోవడం, రాత్రి నక్కల అరుపులు వినడం ఆమెకు పెద్దయ్యాక కూడా మరుపు రాలేదు. తిండికి, బట్టకు, నగకు లోటు లేదు. దాసీలు, ఆయాలు వున్నారు. ఆ రోజుల్లో మన ఊళ్ళలో ఏ ఆడపిల్లకు అంత వైభవం వుండి వుంటుంది?

ఇంత వున్న ఇంట్లో ఆ పిల్లకు లేనిది ఒక్కటే. అక్షరం.

తండ్రి చదువు లేని మనిషి అనుకోకండి. అరబీ, ఫారసీ బాగా తెలిసిన విద్వాంసుడు. చదువు విలువ తెలిసినవాడే. ఇద్దరు కొడుకులను కలకత్తా పంపి సెయింట్ జేవియర్స్ కళాశాలలో చదివించాడు. కాని కూతుళ్ళ దగ్గరకు వచ్చేసరికి లెక్క మారిపోయింది. వాళ్ళకు ఖురాన్ షరీఫ్ చదవడం నేర్పారు. అదీ అర్థం చెప్పకుండా చిలకకు నేర్పినట్టు. ఇంటి మర్యాదలు, నడవడిక చెప్పే ఉర్దూ, ఫారసీ పుస్తకాలు కొన్ని చదవవచ్చు. బెంగాలీ ముట్టుకోరాదు. ఇంగ్లీషు మాట తలపెట్టనే రాదు. బెంగాలీ వస్తే నవలలు చదివి పిల్ల పాడైపోతుందని, అది ఇతర మతాల వాళ్ళ భాష అని ఆ కాలపు ఖాన్‌దానీ ఇళ్ళలో భయం. చుట్టూ ఊరంతా బెంగాలీ మాట్లాడుతున్నది. వంట చేసే దాసీ బెంగాలీ, పాలు తెచ్చేవాడు బెంగాలీ. ఇంటి బిడ్డకు మాత్రం ఆ భాషలో తన పేరు రాసుకోవడం రాదు.

ఇక పరదా సంగతి. మగవాళ్ళ నుండి పరదా అంటే మనకు తెలుసు. ఆ ఇంట్లో అయిదేళ్ళ పిల్ల ఆడవాళ్ళకు కూడా కనపడరాదు! ఇంటివాళ్ళు కాని స్త్రీ ఎవరు లోపలికి వచ్చినా దాక్కోవాలి. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు వస్తే ఇంట్లో ఎవరో ఒకరు కంటితో సైగ చేసేవారు. అంతే, పిల్ల పరుగెత్తాలి. ఒకసారి వంటింటి తడిక వెనుక, ఒకసారి దాసీ చుట్టిపెట్టిన చాప మధ్యలో, ఒకసారి మంచం కింద. గద్ద కనబడగానే కోడి ఒక్క కూత పెడితే పిల్లలన్నీ రెక్కల కిందకు చేరిపోతాయి. కోడిపిల్లలకు ఆ తెలివి పుట్టుకతోనే వస్తుంది, నాకు రాలేదు అని ఆమె తర్వాత రాసుకున్నది. ఒకోసారి సైగ అర్థం కాక ఎదురుపడితే, పిల్లకు సిగ్గు లేదని పెద్దల చీవాట్లు.

అయిదేళ్ళ వయసులో తల్లితో కలకత్తాలో వుండగా జరిగిన సంగతి ఒకటి వినండి. బంధువుల ఇంటి నుండి ఇద్దరు దాసీలు వచ్చారు. వాళ్ళు బీహారు వాళ్ళు. ఇల్లంతా తిరగడానికి వాళ్ళకు అనుమతి వున్నది. ఈ పిల్లకే లేదు. వాళ్ళు ఈ గదిలోకి వస్తే ఇది ఆ గదిలోకి, వాళ్ళు ఆ గదిలోకి వస్తే ఇది మరో గదిలోకి, బెదిరిన జింకపిల్లలాగా. చివరకు మూడవ అంతస్తు మీద చిన్న కొట్టుగది దొరికింది. ప్రతిరోజు తెల్లవారుజామున ఆయా ఎత్తుకొని పోయి అక్కడ దింపేది. రోజంతా అక్కడే. వాళ్ళు మేడ మీదకు కూడా వస్తున్నారని తెలిస్తే విరిగిన సామాను కింద ఊపిరి బిగబట్టి పడుకోవాలి. అక్క కొడుకు ఒకడు, తన ఈడు పిల్లవాడే, వచ్చి కబురు చెప్పేవాడు. గుర్తుంటే నీళ్ళో, కాసిన్ని పేలాలో తెచ్చేవాడు. ఆటలో పడితే మరిచిపోయేవాడు. అలా నాలుగు రోజులు.

ఈ సంగతి నా తరగతిలో పిల్లలకు చెప్పినప్పుడు మొదట నవ్వారు. దాగుడుమూతలాటలాగా అనిపించింది వాళ్ళకు. తర్వాత ఒక పిల్ల లేచి, "మరి ఆ అమ్మాయి ఏం తప్పు చేసింది సార్?" అని అడిగింది. దానికి నా దగ్గర జవాబు లేదు. ఇక్కడున్న పెద్దలలో ఎవరి దగ్గరైనా వుంటే చెప్పండి.

ఆ కలకత్తాలోనే ఒక దొరసాని కొన్నాళ్ళు ఆ పిల్లకు పాఠం చెప్పింది. బంధువులు గొడవ చేయగా అదీ ఆగిపోయింది. ఆ ఇంట్లో వెలుతురు వచ్చే కిటికీ ఏది తెరిచినా ఎవరో ఒక బంధువు వచ్చి మూసేవాడు.

ఈమెకన్నా ముందు అదే ఇంట్లో ఇంకొక పిల్ల వుండేది. పెద్దక్క కరీమున్నిసా. రొకేయా కంటే చాలా పెద్దది. తమ్ముళ్ళు పాఠం వల్లిస్తుంటే చాటుగా విని, పెరట్లో మట్టి మీద పుల్లతో బెంగాలీ అక్షరాలు దిద్దుకున్నది. పలక లేదు, బలపం లేదు. ఒకరోజు బెంగాలీ పుస్తకం చదువుతూ తండ్రికి దొరికిపోయింది. భయంతో మూర్ఛ వచ్చినంత పనయింది. తండ్రి కొట్టలేదు. పైగా మెచ్చుకొని, చదువుకో అమ్మా అన్నాడు. చూశారా, ఆయన గుండెలో లేనిదేమీ లేదు. కాని నాలుగు రోజులకే బంధువులు, ఊరి పెద్దమనుషులు వచ్చారు. "ఇదేం పద్ధతి సాహెబ్?" అన్నారు. తండ్రి లొంగిపోయాడు. చదువు ఆగింది. పదిహేనేళ్ళు నిండకుండానే పెళ్ళి చేసి పంపేశారు.

సోదరులారా, నేను ఈ తండ్రి గురించి చాలాసార్లు ఆలోచించాను. మనలో దుర్మార్గులైన తండ్రులు ఎక్కువ లేరు. కూతురు చదువుతుంటే సంతోషించని అబ్బా ఎవరు? మనలో ఎక్కువమంది ఆ జహీరుద్దీన్ సాహెబ్ లాంటివాళ్ళమే. పిల్ల ముఖం చూస్తే చదివించాలని వుంటుంది, వీధి ముఖం చూస్తే మాన్పించాలని వుంటుంది. చివరకు వీధి మాటే నెగ్గుతుంది. ఆ వీధిలో వున్నది ఎవరు? మనమే కదా.

కరీమున్నిసా మాత్రం ఓడిపోలేదు. చిన్న వయసులోనే భర్త పోయాడు. ఇద్దరు కొడుకులను పెద్ద చదువులు చదివించింది. తాను కవిత్వం రాసింది. ముసలితనంలో ఖురాన్‌ను అర్థంతో తెలుసుకోవాలని అరబీ నేర్చుకోవడం మొదలుపెట్టింది. చెల్లెలికి బెంగాలీ అక్షరాలు నేర్పింది ఈమే. తనకు దొరకనిది చెల్లెలికి దొరకాలనుకున్నది.

ఇంగ్లీషు నేర్పింది అన్న, ఇబ్రహీం సాబేర్. కలకత్తాలో చదువుకొని వచ్చిన ఆ యువకుడు ఇంట్లో పెద్దలతో వాదానికి దిగలేదు. పగలు ఏమీ ఎరగనట్టే వుండేవాడు. రాత్రి తండ్రి నిద్రపోయి ఇల్లంతా సద్దుమణిగిన తర్వాత కొవ్వొత్తి వెలిగించేవాడు. అన్నాచెల్లెళ్ళు ఆ మసక వెలుతురులో పుస్తకం ముందేసుకొని కూర్చునేవారు. మీరే ఊహించుకోండి. బయట నక్కల కూత, లోపల గొంతు పెగలకుండా గుసగుసగా ఇంగ్లీషు పాఠం. దొంగతనం చేసినట్టు చదువుకోవలసి వచ్చింది. ఆమె 1924లో అచ్చయిన తన "పద్మరాగ్" నవలను ఈ అన్నకే అంకితమిచ్చింది. నన్ను మలిచినవాడవు నీవే అని రాసుకున్నది. అక్కకు మరొక పుస్తకం అంకితమిచ్చింది.

పద్దెనిమిదేళ్ళ ప్రాయంలో పెళ్ళయింది. భర్త సయ్యద్ సఖావత్ హుస్సేన్, బీహారులోని భాగల్పూరు వాడు, డిప్యూటీ మేజిస్ట్రేటు, వయసులో చాలా పెద్ద, మొదటి భార్య పోయినవాడు. ఈ సంబంధం కుదిర్చిందీ అన్నే అంటారు. ఆ భర్త చెల్లెలి చేతిలోని పుస్తకం లాక్కొనేవాడు కాదని అన్నకు తెలుసు కాబోలు. నిజంగానే ఆయన భార్యను చదవమన్నాడు, రాయమన్నాడు. 1905లో ఆమె ఇంగ్లీషులో "సుల్తానాస్ డ్రీమ్" అనే కథ రాసింది. అందులో ఒక వింత దేశం వుంటుంది. అక్కడ మగవాళ్ళు ఇంట్లో పరదాలో వుంటారు, ఆడవాళ్ళు రాజ్యం నడుపుతారు, సూర్యుడి వేడితో వంట చేస్తారు. ఆ కథ అచ్చయింది ఎక్కడనుకున్నారు? మన మద్రాసులో! "ఇండియన్ లేడీస్ మ్యాగజైన్" అనే పత్రికలో. ఆ పత్రిక సంపాదకురాలు కమలా సత్యనాథన్ మన తెలుగింటి ఆడపడుచు. బెంగాలులో కొవ్వొత్తి కింద నేర్చుకున్న ఇంగ్లీషు, తెలుగు చెల్లెలి చేతుల మీదుగా లోకానికి అందింది.

1909లో భర్త పోయాడు. పుట్టిన ఇద్దరు ఆడపిల్లలూ పసితనంలోనే పోయారు. ఆయన ఆడపిల్లల బడి కోసమని పదివేల రూపాయలు విడిగా వుంచి పోయాడు. ఆమె అదే సంవత్సరం అయిదుగురు పిల్లలతో భాగల్పూరులో బడి పెట్టింది. ఆస్తి తగాదాల వల్ల అక్కడ నిలవనీయలేదు. కలకత్తా వచ్చి, 1911 మార్చి 16న ఎనిమిది మంది పిల్లలతో మళ్ళీ మొదలుపెట్టింది. అదే సఖావత్ మెమోరియల్ బాలికల పాఠశాల. నేటికీ కలకత్తాలో ప్రభుత్వ పాఠశాలగా నడుస్తున్నది.

ఆ బడికి పిల్లలను తీసుకురావడం ఎంత కష్టమైందో చెప్పాలి. ఇల్లిల్లూ తిరిగి తల్లిదండ్రులను బతిమాలింది. మోటారు బస్సు ఏర్పాటు చేస్తే, పరదా కోసం దాన్ని అన్ని వైపులా మూసివేశారు. చీకటికి, ఉక్కకు పిల్లలు ఏడ్చారు, స్పృహ తప్పారు. అప్పుడు తల్లులకు కోపం. సరే అని కిటికీలు తెరిచి తెరలు వేయిస్తే, గాలికి తెర ఎగిరి పరదా పోతున్నదని మగవాళ్ళకు కోపం. "మీ ఇస్లామీ సోదరులు" అని సంతకం పెట్టి ఉత్తరాలు రాశారు. ఉర్దూ పత్రికలకు ఎక్కిస్తామని బెదిరించారు. మూస్తే ఒక తప్పు, తెరిస్తే ఒక తప్పు. అయినా బస్సు ఆగలేదు.

ఇంతా చెప్పాక కొందరికి అనుమానం వస్తుంది, ఈమె పరదాకు విరోధి కాబోలు అని. కాదు. ఆమె స్వయంగా బురఖా వేసుకున్నది. 1904లో వచ్చిన మొదటి పుస్తకంలోనే బురఖాను సమర్థిస్తూ వ్యాసం రాసింది. హయా వేరు, బందిఖానా వేరు అన్నది ఆమె మాటల సారం. ఒంటి మీద బట్టకు, బుర్ర మీద తాళానికి తేడా చూడమన్నది. బురఖాతో బడికి రావచ్చు, కాలేజీకి పోవచ్చు, డాక్టరు కావచ్చు. చాప చుట్టలో దాక్కొన్న పిల్ల మాత్రం ఏమీ కాలేదు. ఇల్మ్ సంపాదించడం మనకు ఫర్జ్ అని మౌల్వీసాహెబులే ఈ వేదిక మీద ఎన్నోసార్లు చెప్పారు. ఫర్జ్‌లో కొడుకుకు ఒక వాటా, కూతురుకు సగం వాటా అని ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు భాష సంగతి. పద్నాలుగేళ్ళు భాగల్పూరులో బెంగాలీలో పలకరించే మనిషి లేకపోయినా ఆమె ఆ భాష మరిచిపోలేదు. అక్క నేర్పిన అక్షరం వల్లనే అని చెప్పుకున్నది. తన బడిలో పాఠాలు ఉర్దూలోనే నడిపింది, ఎందుకంటే అక్కడ చేరిన పిల్లల ఇంటి భాష ఉర్దూ. బెంగాలీ తరగతి కూడా పెట్టాలని ప్రయత్నించింది, చేరేవాళ్ళు చాలక అది నిలవలేదు. అయినా తన పుస్తకాలన్నీ ఎక్కువగా బెంగాలీలోనే రాసింది. ఇంటి భాషను చిన్నచూపు చూడలేదు, ఊరి భాషను వదులుకోలేదు.

నేను ఉర్దూ చెప్పి బ్రతికేవాణ్ణి. ఉర్దూ మీద నాకున్న ముహబ్బత్ మీకు తెలుసు. కాని మన ఇళ్ళలో చూడండి. ఉర్దూ చక్కగా చదివే తల్లులు వున్నారు. బ్యాంకు ఫారమో, ఆస్పత్రి చీటీయో, కరెంటు బిల్లో తెలుగులో వస్తే పక్కింటి పిల్లవాణ్ణి పిలవాలి. తన రేషను కార్డు మీద తన పేరు సరిగా వున్నదో లేదో తాను చూసుకోలేకపోవడం ఏం ఇజ్జత్? ఉర్దూ మన ఇల్లు, తెలుగు మన వాకిలి. వాకిలి లేని ఇంట్లో ఎన్నాళ్ళుంటాము? ఈ రోజు నేను తెలుగులో మాట్లాడుతున్నది అందుకే. పరదా అవతల వున్న చిన్నపిల్లలు రేపు ఈ సంచికలో దీన్ని చదివి, తమ అమ్మీకి వినిపించాలని నా కోరిక.

మన ఊరి మాట ఒకటి చెప్పి ముగిస్తాను. మా బడిలో ఏడవ తరగతి వరకే వున్నది. ఆ తర్వాత ఆడపిల్ల చదవాలంటే ఊరికి ఆ చివర వున్న హైస్కూలుకు పోవాలి. ప్రతి సంవత్సరం వేసవి సెలవులయ్యాక టీ.సీ. కోసం తండ్రులు వస్తారు. కొందరు హైస్కూలు పేరు చెప్పి తీసుకుంటారు. కొందరు మాట్లాడరు, చేతులు నలుపుకుంటూ నిలబడతారు. నాకు అర్థమవుతుంది. రెండేళ్ళ క్రితం ఒక పిల్ల విషయంలో అలాగే అయింది. క్లాసులో మొదటిది. "దూరం మాస్టారూ, తోడు ఎవరూ లేరు" అన్నాడు తండ్రి. పక్కన ఆమె అన్న నిలబడి వున్నాడు, సైకిలు రిపేరు కొట్టు పెట్టుకున్న కుర్రవాడు. తాను తొమ్మిదిలో ఆపేశాడు. "అబ్బా, కొట్టు తెరిచేముందు నేను దింపుతాను. సాయంత్రం మళ్ళీ తెస్తాను" అన్నాడు. అంతే. పెద్ద ప్రసంగమేమీ చేయలేదు. ఇప్పటికీ పొద్దున్నే ఆ సైకిలు వెనుక కూర్చొని ఆ పిల్ల హైస్కూలుకు పోతున్నది. ఈ సంవత్సరం తొమ్మిది. అన్న ఆగిపోయిన తరగతి దాటబోతున్నది.

ఇబ్రహీం సాబేర్ జమీందారు కొడుకు, ఈ కుర్రవాడు పంక్చర్లు వేసేవాడు. ఇద్దరూ చేసింది ఒకే పని.

మన సంఘం ఏటా స్కాలర్‌షిప్పులు ఇస్తున్నది, పుస్తకాలు పంచుతున్నది, మంచిదే. ఇంకా మూడు చిన్న పనులు చేయవచ్చునని నా మనవి. ఒకటి, ఏడు పూర్తయిన ప్రతి ఆడపిల్ల ఇంటికి జూన్ నెలలో సంఘం తరఫున ఇద్దరు వెళ్ళి అడగాలి. బెదిరించడానికి కాదు, ఏమి అడ్డమో తెలుసుకోవడానికి. దారి దూరమైతే నలుగురు పిల్లలను కలిపి ఒక ఆటో మాట్లాడవచ్చు. రెండు, శుక్రవారం సాయంత్రాలు మన షాదీఖానా ఖాళీగానే వుంటుంది. అక్కడ తల్లులకు తెలుగు చదవడం నేర్పుదాము. నేర్పడానికి నేను సిద్ధం, ఆడవాళ్ళకు చెప్పడానికి మా ఇంట్లో వారూ సిద్ధం. మూడు, ఏ పిల్ల చదువు గురించయినా తండ్రి దగ్గరకు పోయి "ఇదేం పద్ధతి సాహెబ్" అని అడిగే అలవాటు మనలో ఎవరికైనా వుంటే, ఈ రోజు నుండి మానుకుందాము. మూడింటిలోను ఖర్చు లేనిది ఇదే.

రొకేయా 1932 డిసెంబరు 9న కలకత్తాలో పోయింది. ముందు రాత్రి వరకు రాస్తూనే వున్నది. స్త్రీల హక్కుల మీద మొదలుపెట్టిన వ్యాసం సగంలో బల్ల మీద వుండిపోయింది. బంగ్లాదేశ్‌లో ఆ తేదీని ఏటా రొకేయా దినంగా జరుపుకుంటున్నారు. ఒకనాడు పనిమనిషి కంట పడరాదని మేడ మీద దాచిన పిల్లను ఇవాళ ఒక దేశం తలుచుకుంటున్నది.

మన ఇళ్ళలో ఇప్పుడు ఏ గదిలో ఏ పిల్ల కూర్చొని వున్నదో మనకు తెలియదు. ఇంటికి వెళ్ళాక ఒకసారి చూడండి. అన్నలు ముందుగా చూడండి.